శెనక్కాయ చేనులో ఒక సన్నివేశం: షాట్లు, యాంగిళ్లు ఎంచుకునే పద్ధతి

లఘుచిత్రం తీయదలచినవారు కెమెరా చేతికి తీసుకోకముందే, ఈ క్షణంలో ప్రేక్షకుడికి ఏది తెలియాలో ఒక్క వాక్యంలో రాసుకోవాలి. షాటు సైజును, అంటే ఫ్రేములో మనిషి ఎంత మేర కనిపించాలన్నదాన్ని, నిర్ణయించేది ఆ వాక్యమే. అనంతపురం పల్లెలో వాన మొగం చాటేసిన చేనులో ఒక రైతు శెనక్కాయ చెట్టు పీకి, కాయల్లో గింజ పట్టలేదని తెలుసుకునే సన్నివేశాన్ని తీసుకుందాం.

వైడ్ షాట్‌లో మనిషి చిన్నగా, ఎర్రనేల విశాలంగా కనిపించాలి. డ్రోను అద్దెకు దొరుకుతోంది కదా అని ప్రతి కథనూ ఆకాశం నుంచి మొదలుపెట్టడం ఈమధ్య అలవాటైపోయింది గానీ, ఈ సన్నివేశానికి గట్టు మీద పెట్టిన ట్రైపాడ్ చాలు. తల నుంచి పాదాల దాకా చూపే ఫుల్ షాట్‌లో నడక, వంగడం, చెట్టు పీకడం స్పష్టంగా తెలుస్తాయి. నడుము పైభాగాన్ని చూపే మిడ్ షాట్ సంభాషణకు అనువైనది. ఫ్రేము అంచు సరిగ్గా మోకాలి మీదో మెడ మీదో పడితే అవయవం తెగినట్టు కనిపిస్తుంది కనుక, కీలుకు కాస్త పైనో కిందో ఆపాలి.

క్లోజప్ దగ్గర తొందరపడకూడదు. బొటనవేలితో నొక్కి చిట్లించిన కాయలో ముడుచుకుపోయిన గింజను ఎక్స్‌ట్రీమ్ క్లోజప్‌లో చూపి, తరువాత ముఖం చూపవచ్చు. లేదా ముందుగా ముఖం చూపి, అతను చూసినదేమిటో తెలుసుకోవాలన్న ఆత్రుత ప్రేక్షకుడిలో కలిగాక గింజను చూపవచ్చు. నా మట్టుకు రెండో వరుసే బలమైనది. ఫోనుతో తీస్తూ దాన్ని ముఖానికి మరీ దగ్గరగా పెడితే, మెయిన్ కెమెరాది ఎక్కువ వెడల్పు చూపే వైడ్ లెన్సు కాబట్టి, ముక్కు ఉబ్బినట్టు వస్తుంది. దూరాన్ని దగ్గరగా చూపే టెలి లెన్సు ఉంటే దానికి మార్చి, వెనక్కు జరిగి తీయాలి.

యాంగిల్‌కు కొలత నటుడి కళ్ల ఎత్తు. పైనుంచి చూస్తే మనిషి కుంగినట్టు, కిందినుంచి చూస్తే ఎదిగినట్టు అనిపించడం సాధారణం. రైతు గొంతుక్కూర్చున్నప్పుడు కెమెరా నిలబడే ఉంటే, మనం కోరకుండానే అది హై యాంగిల్ అవుతుంది. కెమెరాను కూడా అతని కళ్ల ఎత్తుకు దించాలి. లో యాంగిల్‌కూ చోటు చూసుకోవాలి. కర్నూలు కొండారెడ్డి బురుజును మరీ దగ్గర నుంచి పైకెత్తి తీస్తే గోడలు వెనక్కు వాలినట్టు వస్తాయి. గండికోట అంచున నిలబడ్డవాణ్ణి కిందినుంచి తీస్తే ఆకాశం తప్ప పెన్నా లోయ కనిపించదు. లోయ లోతు తెలియాలంటే నటుడి వెనుక, భుజం కంటే ఎత్తులో కెమెరా ఉండాలి.

రైతు ఇంటికి వచ్చి భార్యతో మాట్లాడేటప్పుడు, ఇద్దరినీ కలిపే ఊహారేఖకు ఒకే వైపున కెమెరా ఉంచాలి. రేఖ దాటితే ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టు అవుతుంది. ఒకే మనిషివి రెండు షాట్లు వెంటవెంటనే కలపాలంటే కెమెరా స్థానం ఆ మనిషి చుట్టూ కనీసం 30 డిగ్రీలు మారాలి, వీలైతే సైజు కూడా మారాలి. చేనులో వైడ్ షాట్లను ముందుగా, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే ముగించడం మేలు. చేతి క్లోజప్‌లను ఎండ నడినెత్తికి వచ్చాక కూడా తెల్లగుడ్డ నీడలో తీసుకోవచ్చు.