ఎస్టోనియాకు చలికాలంలో వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

డిసెంబర్‌లో రాజధాని టాలిన్‌లో పగలు ఆరు గంటలే. తొమ్మిది దాటాక తెల్లారుతుంది, మూడున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. అందుకే దిగగానే కొనాల్సిన మొదటి వస్తువు రిఫ్లెక్టర్. చీకట్లో రోడ్డు మీద నడిచేవాళ్లు అది పెట్టుకోవాలని అక్కడ చట్టమే ఉంది. చిన్న బిళ్లలా ఉంటుంది. కోటు కుడివైపు పిన్నుతో తగిలించి, మోకాలి ఎత్తున వేలాడేలా దారం వదలండి. కారు లైటు పడేది అక్కడే.

అసలు జాగ్రత్త గడ్డకట్టిన సముద్రం దగ్గర కావాలి. చలి బాగా ముదిరిన ఏడాది హీయుమా దీవికి సముద్రం మీదుగానే సుమారు 25 కిలోమీటర్ల మంచుదారి తెరుస్తారు. అది తెరిచారని అధికారికంగా ప్రకటించాకే, పగటిపూట మాత్రమే వెళ్లాలి. ముందు కారుకు 250 మీటర్ల దూరం ఇవ్వాలి. సీటు బెల్టు పెట్టుకోకూడదు. మంచు విరిగితే క్షణాల్లో బయటపడాలి కదా! వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపైనా ఉండాలి, 40కీ 70కీ మధ్యనైనా ఉండాలి. 25కీ 40కీ నడుమ నడిపితే మంచు కింద నీటిలో లేచే అల కారుతో పాటే సాగుతూ పెద్దదై మంచును పగలగొడుతుంది. మంచు మీద నడిపిన అలవాటు లేకపోతే స్టీరింగ్ స్థానికులకే ఇవ్వండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. ఎవరో నడిచిన అడుగులు కనిపించాయని మూసి ఉన్న చోట మంచు మీదికి దిగొద్దు.

1971లో ఏర్పడిన లహేమా నేషనల్ పార్కులో ‘వీరు’ అనే చిత్తడి నేల తప్పక చూడండి. పొట్టి పైన్ చెట్లు, నల్లటి నీటి మడుగులు, అంతటా నిశ్శబ్దం. చెక్కబాట దిగితే మాత్రం నాచు కింద నేల ఉంటుందన్న నమ్మకం లేదు. చెక్కల మీద మంచు జారుతుంది, గట్టి పట్టున్న బూట్లు కావాలి. చలికి ఫోన్ ఛార్జింగ్ ఇట్టే దిగిపోతుంది. లోపలి జేబులో పెట్టుకోండి, అత్యవసరానికి 112 గుర్తుంచుకోండి.

వోరుమా ప్రాంతపు పొగ సౌనా (వేడి ఆవిరి స్నానపు గది) 2014లో యునెస్కో జాబితాకెక్కింది. దానికి పొగగొట్టం ఉండదు. గంటల తరబడి కట్టెలు కాల్చి, పొగంతా పోయాకే లోపలికి పిలుస్తారు. పిలిచేదాకా ఆగండి. గోడలకు మసి ఉంటుంది, ఆనుకోకండి. మద్యం తాగి వెళ్లొద్దు. తల తిరిగినట్టనిపిస్తే వెంటనే బయటికి రండి, ఎవరూ ఏమీ అనుకోరు. బీపీ, గుండె జబ్బులున్నవాళ్లు మన ఊళ్లోనే డాక్టర్‌ను అడిగి బయల్దేరాలి.