చిన్నప్పటి ట్రామా, బ్రెయిన్ గురించి రీసెర్చ్ చదివి బెంబేలెత్తకుండా ఉండాలంటే

అర్ధరాత్రి ఫోన్‌లో ఏస్ స్కోర్ (చిన్నప్పుడు ఎన్ని రకాల కష్టాలు చూశామో లెక్కేసేది) క్విజ్ చేసి, ఆరు వచ్చిందని తెల్లారేదాకా దొర్లినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. నా బ్రెయిన్ చెడిపోయింది అని ఫిక్సైపోయా. తర్వాత ఓపిగ్గా అసలు పేపర్లు తీసి చదివితే తెలిసింది, వీటిని చదవడానికి ఒక పద్ధతుంది.

ముందు ఆ స్కోర్ ఎక్కడ్నుంచి వచ్చిందో చూడండి. అమెరికాలో శాన్ డియాగోలో కైజర్ పర్మనెంటే అనే హెల్త్ సంస్థకి చెకప్‌కి వచ్చిన పెద్దవాళ్ళని, చిన్నప్పుడు కొట్టేవాళ్ళా, ఇంట్లో తాగుడుందా, అమ్మని ఎవరైనా కొట్టేవాళ్ళా అని అడిగారు, 1998లో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే డాక్టర్లు వేసిన మొదటి పేపర్లో 9,508 మంది జవాబులున్నాయి. ఇలాంటి కష్టాలు నాలుగు రకాలు, ఆపైన చూసినవాళ్ళకి తాగుడు, డ్రగ్స్, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం రిస్క్, ఏదీ చూడనివాళ్ళతో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు. గుండె జారిపోతుంది కదా. కానీ అది వేలమందిని కలిపి వేసిన లెక్క, మీ ఒక్కరి జాతకం కాదు. ఒక్కో మనిషికి ఏమవుతుందో చెప్పడానికి దీన్ని వాడొద్దని 2020లో స్వయంగా ఆండానే ఇంకొందరితో కలిసి రాశాడు. ఒకసారి జరిగిందా వందసార్లా, ఏ వయసులో, అప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా, ఇవేవీ స్కోర్‌కి తెలీవు. అన్నట్టు ఆ స్టడీలో ఎవరి బ్రెయినూ స్కాన్ చెయ్యలేదు!

ఇక స్కాన్ స్టడీలు. "హిప్పోక్యాంపస్ (బ్రెయిన్‌లో జ్ఞాపకాలకి కీలకమైన భాగం) కుంచించుకుపోతుంది" అని ఎక్కడైనా కనిపిస్తే వెంటనే అడగాల్సిన ప్రశ్న, ముందు ఎంతుందో కొలిచారా? చాలావాటిలో ఒక్కసారే స్కాన్ తీసి రెండు గ్రూపుల సగటు పోలుస్తారు. పిల్లల గురించి కాకపోయినా 2002లో వచ్చిన ఒక స్టడీ నాకు భలే నచ్చింది, యుద్ధానికెళ్ళి పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత కూడా వదలకుండా వేధించే మానసిక సమస్య) తీవ్రంగా ఉన్నవాళ్ళకి హిప్పోక్యాంపస్ చిన్నగా ఉందని చూసి, వాళ్ళ కవల సోదరుల్ని, అంటే యుద్ధం మొహమే చూడనివాళ్ళని స్కాన్ చేస్తే వాళ్ళకీ చిన్నగానే ఉంది. అంటే కొంత తేడా ముందునుంచే ఉండొచ్చు.

అలాగని ఏమీ కాదనుకోకండి. గట్టి ఆధారం కావాలంటే బుకారెస్ట్ ప్రాజెక్ట్ చదవండి. రొమేనియా అనాథాశ్రమాల్లోని 136 మంది పిల్లల్లో సగం మందిని లాటరీ పద్ధతిలో ఎంచి పెంపుడు కుటుంబాలకి పంపారు (మిగతా సగం సంగతేంటని మనసు కలుక్కుమంటుంది, దాని మీద ఎథిక్స్ చర్చ చాలానే జరిగింది). ఎనిమిదేళ్ళప్పుడు ఈఈజీ (తల మీద సెన్సర్లు పెట్టి బ్రెయిన్‌లో కరెంటు సిగ్నల్స్ కొలిచే పరీక్ష) తీస్తే, రెండేళ్ళు నిండకముందే వెళ్ళినవాళ్ళ బ్రెయిన్ యాక్టివిటీ అసలు ఆశ్రమం చూడని పిల్లలతో దాదాపు సమానంగా ఉంది. రెండేళ్ళు దాటితే ఇంక అంతే అని మాత్రం అర్థం తీసుకోకూడదు, ఒక్కో సామర్థ్యానికి ఒక్కో టైముంటుంది, ప్లానింగ్, నిగ్రహం చూసుకునే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే బ్రెయిన్ ముందు భాగమైతే ఇరవైలు వచ్చినా ఎదుగుతూనే ఉంటుంది.

ఇంకోటి, ట్రామా అని అన్నీ ఒకే గంపలో వెయ్యకండి. కేటీ మెక్‌లాఫ్లిన్, మార్గరెట్ షెరిడన్ అనే సైకాలజిస్టులు దీన్ని రెండుగా విడదీశారు, భయపెట్టేవి ఒకవైపు, అందాల్సింది అందకపోవడం ఇంకోవైపు. దెబ్బల మధ్య పెరిగిన పిల్లల అమిగ్డాలా (బ్రెయిన్‌లో ప్రమాదాన్ని పసిగట్టే భాగం) కోపం మొహాలకి ఎక్కువగా స్పందిస్తుంది, ఆ ఇంట్లో అది పనికొచ్చే తెలివే, క్లాస్‌రూమ్‌లోకి వచ్చాకే ఇబ్బంది. ఎవరూ మాట్లాడక, పట్టించుకోక పెరిగిన పిల్లలకైతే భాష, ప్లానింగ్ లాంటివి వెనకబడతాయి.

చేతిలో అలాంటి పిల్లలుంటే ఏం చెయ్యాలో కూడా దీన్నిబట్టే తేలుతుంది. భయంతో పెరిగినవాళ్ళకి ఏం జరగబోతోందో ముందే చెప్పండి, గొంతు తగ్గించండి, వణుకుతున్నప్పుడు ఎందుకు చేశావ్ అని అడిగితే జవాబు రాదు, అడిగేది తర్వాత అడగొచ్చు. పట్టింపు లేక పెరిగినవాళ్ళతో మాట్లాడండి, వాళ్ళు వేలు చూపిస్తే మీరూ అటు చూసి దాని పేరు చెప్పండి, వాళ్ళ వంతు వచ్చేదాకా ఆగండి, రోజూ. నెలలు గడిచినా నిద్ర, చదువు కుదుటపడకపోతే థెరపిస్ట్ దగ్గరికెళ్ళండి, వెళ్ళేముందు ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ట్రామా చూసిన పిల్లల ఆలోచనల మీద, భయాల మీద పనిచేసే మాటల థెరపీ) చేస్తారా అని ఫోన్‌లోనే అడిగేయండి.