టొరెంట్ నేర్చుకుందాం – 4వ పాఠం: అప్‌లోడ్ లిమిట్ ఎంత పెట్టాలి, ఎవరికి కనపడతాం

టొరెంట్ అంటే ఒకే ఫైల్‌ని దించేవాళ్ళు ముక్కలుగా ఒకరికొకరు పంచుకునే పద్ధతి. పోయిన పాఠంలో క్యూబిట్‌టొరెంట్ (టొరెంట్లు దించే ప్రోగ్రామ్, దీన్నే క్లయింట్ అంటాం) ఇన్‌స్టాల్ చేసి డెబియన్ ఐఎస్ఓ (డెబియన్ అనే ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ ఇన్‌స్టాల్ ఫైల్) దించుకున్నాం కదా, దాన్ని క్లయింట్‌లోంచి తీసేయకండి. ఇవాళ అలాంటిదే ఇంకోటి, ఉబుంటు ఐఎస్ఓ టొరెంట్ పెట్టండి, అది దిగుతుండగానే పాఠం చదవాలి.

టూల్స్, ఆప్షన్స్, స్పీడ్ లోకి వెళ్తే అప్‌లోడ్ అని ఒక బాక్స్ ఉంటుంది, లిమిట్ లేకపోతే అక్కడ ఇన్ఫినిటీ గుర్తు కనపడుతుంది. చాలామంది అక్కడ 1 (సెకనుకి ఒక్క కిలోబైట్) కొట్టేసి, మనం ఎవరికీ ఏమీ పంపట్లేదు కాబట్టి మనల్ని ఎవరూ చూడరు అనుకుని నిశ్చింతగా ఉంటారు. ఇది పూర్తిగా తప్పు, పైగా దానివల్ల డౌన్‌లోడ్ కూడా దెబ్బతింటుంది.

ఎలాగో చూద్దాం. బ్రామ్ కోహెన్ 2001లో బిట్‌టొరెంట్ తెచ్చినప్పుడే ఇందులో ఇస్తినమ్మ వాయినం, పుచ్చుకుంటినమ్మ వాయినం పద్ధతి పెట్టాడు. మన క్లయింట్ కొన్ని సెకన్లకోసారి (కోహెన్ మొదటి క్లయింట్‌లో 10 సెకన్లకి) ఎవరు మనకి బాగా పంపుతున్నారో చూసి వాళ్ళకే మనవైపు నుంచి పంపుతుంది, మిగతావాళ్ళని ఆపేస్తుంది, అవతలి క్లయింట్లు కూడా మనల్ని అలాగే చూస్తాయి. అప్పుడే వచ్చినవాళ్ళ దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు కాబట్టి 30 సెకన్లకోసారి ఎవరో ఒకరికి ఊరికే ఛాన్స్ ఇస్తుంది. ఆ మొదటి క్లయింట్‌లో ఇలా పంపేది మామూలుగా ఒకేసారి నలుగురికే.

ఇది కళ్ళతో చూడొచ్చు. ఉబుంటు మీద క్లిక్ చేసి కింద పీర్స్ (అదే ఫైల్ పంచుకుంటున్న మిగతావాళ్ళు) ట్యాబ్ తెరవండి, ఫ్లాగ్స్ అనే కాలమ్ ఉంటుంది. పెద్ద డి అంటే అతని దగ్గర్నుంచి మనకి దిగుతోంది, చిన్న డి అంటే మనకి కావాలి గానీ అతను ఇవ్వట్లేదు, పెద్ద యు అంటే మనం పంపుతున్నాం, చిన్న యు అంటే అతను అడుగుతున్నా మనం ఆపాం. ఓ అంటే ఊరికే ఇచ్చిన ఆ ఛాన్స్. ఇప్పుడు అప్‌లోడ్ 1 పెట్టి రెండు నిమిషాలు చూడండి. సీడర్లు (ఫైల్ మొత్తం దించేసి ఇంకా పంపుతున్నవాళ్ళు) ఎక్కువున్న ఉబుంటులో పెద్ద తేడా తెలీకపోవచ్చు, వాళ్ళకి మన దగ్గర్నుంచి వచ్చేదేం లేదు కాబట్టి, కానీ సీడర్లు తక్కువున్న ఫైల్‌లో చిన్న డి లు పెరుగుతాయి.

అలాగని లిమిట్ లేకుండా వదిలేయడం కూడా మంచిది కాదు. మనకి డేటా అందిందని చెప్పే చిన్న ప్యాకెట్లు కూడా అప్‌లోడ్ దారిలోనే వెళ్ళాలి, అది నిండిపోతే డౌన్‌లోడ్ నత్తనడక, ఇంట్లో ఇంకొకళ్ళ వీడియో కాల్ ముక్కలు ముక్కలు. స్పీడ్ టెస్ట్‌లో వచ్చిన అప్‌లోడ్‌ని 8తో భాగించి అందులో 80 శాతం పెట్టండి: 40 ఎంబీపీఎస్ అయితే 5 మెగాబైట్లు, అందులో 80 శాతం 4, అంటే బాక్స్‌లో సుమారు 4000. మీ ప్లాన్ డేటా లిమిట్‌లో అప్‌లోడ్ కూడా లెక్కేస్తారేమో ఒకసారి చూస్కోండి.

ఇప్పుడు ప్రైవసీ. అదే పీర్స్ ట్యాబ్‌లో మొదటి కాలమ్స్ చూడండి, ఏ దేశం, ఏ ఐపీ అడ్రస్, ఏ క్లయింట్, ఎంత శాతం దిగింది, అన్నీ ఉన్నాయి. మనకి వాళ్ళు ఎలా కనపడుతున్నారో వాళ్ళకి మనం అలాగే కనపడతాం, అప్‌లోడ్ 1 పెట్టినా 4000 పెట్టినా. ఎన్‌క్రిప్షన్ ఆన్ చేస్తే మధ్యలో ఉన్న ఇంటర్నెట్ కంపెనీకి ట్రాఫిక్ పోల్చుకోవడం కష్టమవుతుందేమో గానీ, పీర్లకి మాత్రం దాచేదేం లేదు. టోర్ (మన ఐపీ దాచే నెట్‌వర్క్) వాడదామనుకోకండి, 2010లోనే టోర్ వాళ్ళు వద్దన్నారు, కొన్ని క్లయింట్లు ట్రాకర్‌కి (ఏ ఫైల్ ఎవరి దగ్గరుందో లిస్టు ఇచ్చే సర్వర్) అసలు ఐపీనే చెప్పేస్తాయని. అయితే ఐపీ లిస్టులో ఉన్నంత మాత్రాన ఫైల్ దించినట్టు రుజువు కాదు, 2008లో వాషింగ్టన్ యూనివర్సిటీ రిసెర్చర్లు ప్రింటర్లకి కూడా కాపీరైట్ నోటీసులు వచ్చేలా చేసి చూపించారు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ప్రైవేట్ ట్రాకర్ల (అకౌంట్ ఉన్నవాళ్ళకే పనిచేసేవి) రేషియో రూల్, అంటే దించినదానికి ఎన్ని రెట్లు పంపారన్న లెక్క. ఎవరు ఎంత దించారు, ఎంత పంపారు అని ప్రతి ఫైల్‌కీ మీ అకౌంట్ పేరుమీద ఖాతా రాస్తారు, న్యాయం కోసమే అంటారు. కానీ ఒకడు పంపిందే ఇంకొకడు దించేది, మొత్తం మీద రెండూ సమానమే, కాబట్టి ఒకరి రేషియో 3 అయితే ఇంకొందరిది 1 కంటే కిందికి పోవాల్సిందే, ఆ కిందికి పోయేది స్లో లైన్ ఉన్నవాళ్ళూ ఆలస్యంగా వచ్చినవాళ్ళూ. పైన చెప్పిన 10 సెకన్ల లెక్కకి అకౌంట్ అక్కర్లేదు, హిస్టరీ అక్కర్లేదు, నాకు అదే నయం అనిపిస్తుంది.

హోంవర్క్: ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో కాపీరైట్ అయిపోయిన పాత తెలుగు పుస్తకం ఒకటి వెతికి దాని టొరెంట్ దించి, 80 శాతం లిమిట్‌తో వారం రోజులు సీడ్ చెయ్యండి. ఒక్క బైట్ కూడా పోకపోతే మీ కనెక్షన్ సీజీనాట్ (ఇంటర్నెట్ కంపెనీ ఒకే ఐపీని చాలామందికి పంచే పద్ధతి) వెనకాల ఉందేమో, వచ్చే పాఠం దానిమీదే.