కోల్డ్ స్టోరేజీకి రేడియో లింకు బిగిస్తున్నారా? ముందు లారీలు ఎక్కడ ఆగుతాయో చూడండి

గుంటూరు శివార్లలో ఒక ఓనరుకి రెండు కోల్డ్ స్టోరేజీలు, మధ్యలో 600 మీటర్లు, ఆ మధ్య స్థలమంతా వేరేవాళ్లది కాబట్టి కేబుల్ వేసే దారి లేదు. కొత్త యూనిట్ కంప్రెసర్ గదిలో పీఎల్‌సీ (మెషీన్లని నడిపే చిన్న కంట్రోలర్) ఉంది, ఛాంబర్ల టెంపరేచర్లు పాత యూనిట్ ఆఫీసులో కనపడాలి, అదీ పని. నవంబరులో వెళ్లి, పాత యూనిట్ గేటు పక్కన వేబ్రిడ్జి గది డాబా మీద ఒక రేడియో, అవతల షెడ్డు మీద ఇంకొకటి బిగించాను, సిగ్నల్ మైనస్ 56 డీబీఎం వచ్చింది (సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం), బిల్లు తీసుకుని ఆటోనగర్ వచ్చేశాను. ఫిబ్రవరి ఆఖర్లో ఫోన్లు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి లింకు పోతోంది, రాత్రికి దానంతటదే వస్తోంది. ఎండ వేడికి అనుకుని రేడియో మార్చాను, తర్వాత కేబుల్ మార్చాను, ఛానెల్ కూడా మార్చాను. నాలుగోసారి నిచ్చెన ఎక్కుతుంటే వాచ్‌మన్ కిందనుంచి "లారీలు లేనప్పుడు బానే ఉంటుంది కదండీ" అన్నాడు. తల తిప్పి చూస్తే గేటు ముందు మిర్చి టిక్కీల లారీలు వరసగా, పట్టాలు కప్పుకుని, నా యాంటెన్నా ఎత్తుకి దాదాపు సమానంగా నిలబడి ఉన్నాయి. నేను సర్వే చేసిన నవంబరులో అక్కడ ఒక కుక్క తప్ప ఏమీ లేదు.

అందుకే సర్వే అనేది రేడియో కంపెనీల బ్రోచర్లో రాసినట్టు ఊరికే ఒకసారి చూసి రావడం కాదు. సీజన్లో ఆ స్థలం ఎలా ఉంటుందో అక్కడ పనిచేసేవాళ్లని అడగాలి. కింద నిలబడి "అదిగో కనపడుతోంది" అనుకోవద్దు, యాంటెన్నా కూర్చునే ఎత్తుకే ఎక్కి చూడాలి. అక్కడినుంచి అవతలి స్తంభం కళ్లకి కనపడటం కూడా సరిపోదు, ఎందుకంటే రేడియో తరంగం దారంలా సన్నగా వెళ్లదు, మధ్యలో ఉబ్బిన దోసకాయలా వెళ్తుంది, దాన్నే ఫ్రెనెల్ జోన్ అంటారు. 5.8 గిగాహెర్ట్జ్‌లో 600 మీటర్ల లింకుకి నడిమధ్యన దాని వ్యాసార్థం సుమారు 2.8 మీటర్లు, 2 కిలోమీటర్లకైతే 5 మీటర్లు. అందులో కనీసం 60 శాతం ఖాళీగా ఉండాలి, అంటే చూపు గీతకి కింద 600 మీటర్లకి 1.7 మీటర్లు, 2 కిలోమీటర్లకి 3 మీటర్లు ఏ అడ్డూ ఉండకూడదు. గేటు దగ్గర ఆ ఉబ్బు సన్నగానే ఉంటుంది కానీ నా గీత లారీ మీద అర మీటరు ఎత్తులో పోతోంది, అది చాలలేదు. చెట్ల సంగతి కూడా ఇంతే. వేప చెట్టు ఏడాదికి ఎంత పెరుగుతుందో, పక్క స్థలంలో సుబాబుల్ వేస్తారా, ఎవరైనా పై అంతస్తు లేపుతున్నారా, అన్నీ అడగండి. తడిసిన ఆకులు ఎండు ఆకుల కంటే ఎక్కువ సిగ్నల్ మింగుతాయి, కాబట్టి మే నెలలో చెట్టు చాటునుంచి కూడా బానే పనిచేసిన లింకు జులై వానల్లో పడిపోతుంది.

ఏ బ్యాండ్ తీసుకోవాలి అంటే, దారి ఖాళీగా ఉంటే 5 గిగాహెర్ట్జ్ తీసుకోండి, ఇంకో ఆలోచన వద్దు. 2018 అక్టోబరులో మన దగ్గర 5150 నుంచి 5350 వరకు, 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అక్కర్లేకుండా చేశారు, పవర్ పరిమితులు మాత్రం ఉన్నాయి. చెట్లు, గోడలు తప్పవు, పంపాల్సింది నాలుగు రీడింగులే అంటే 865 మెగాహెర్ట్జ్ చూడండి, 865 నుంచి 867 వరకు 2005 నుంచే లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు, అడ్డాల్ని కాస్త ఓర్చుకుంటుంది కానీ స్పీడు ఉండదు. అమెరికా మార్కెట్ కోసం చేసిన 900 మెగాహెర్ట్జ్ రేడియోలు చవగ్గా దొరుకుతాయి, అవి 902 నుంచి 928లో పనిచేస్తాయి, మన దగ్గర అక్కడ మొబైల్ ఫోన్లు ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. కొనేముందు డబ్ల్యూపీసీ (కేంద్రంలో వైర్‌లెస్ అనుమతులు చూసే విభాగం) వాళ్ల ఈటీఏ (పరికరానికి ఇచ్చే ఆమోదం) సర్టిఫికెట్ ఉందా అని అడగండి, సెట్టింగ్స్‌లో దేశం ఇండియా అనే పెట్టండి. పవర్ ఎక్కువొస్తుందని వేరే దేశం పెట్టే తెలివి కొందరికి ఉంది, దాంతో పక్క ఫ్యాక్టరీ వాడి లింకు చెడగొట్టడం తప్ప పెద్దగా సాధించేదేమీ లేదు.

రేడియోలు వచ్చాక నేరుగా డాబా ఎక్కేయొద్దు, రెండింటినీ ముందు టేబుల్ మీద పెట్టి కలపండి. ఫర్మ్‌వేర్, పాస్‌వర్డు, ఐపీ అడ్రసులు అన్నీ ఫ్యాను కింద కూర్చుని చేసుకునే పనులు, గుంటూరు ఎండలో రేకుల షెడ్డు మీద ల్యాప్‌టాప్ స్క్రీను కనపడి చావదు. పక్కపక్కన పెట్టినప్పుడు పవర్ బాగా తగ్గించండి, దగ్గర్నుంచి పూర్తి పవర్ కొడితే రిసీవర్ తట్టుకోలేదు. యాంటెన్నా విడిగా వచ్చే మోడల్ అయితే యాంటెన్నా తగిలించకుండా ఆన్ చేయొద్దు.

కరెంటు దగ్గర ఒక జాగ్రత్త, ఈ రేడియోలకి కరెంటు కూడా నెట్‌వర్క్ కేబుల్ గుండానే వెళ్తుంది. ప్రామాణికమైన 802.3ఏఎఫ్ స్విచ్ అవతల పరికరాన్ని అడిగి తెలుసుకున్నాకే 48 వోల్టులు ఇస్తుంది, పాసివ్ ఇంజెక్టర్ (కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే చిన్న డబ్బా) ఎవర్నీ అడగదు, పెట్టగానే ఇచ్చేస్తుంది. 24 వోల్టుల రేడియోకి 48 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్ పెట్టి ఒక రేడియోని నా చేత్తోనే కాల్చాను, రెండు ఇంజెక్టర్లూ ఒకే రంగు, ఒకే సైజు. అప్పట్నుంచి ప్రతి ఇంజెక్టర్ మీదా స్కెచ్ పెన్నుతో వోల్టులు పెద్దగా రాసుకుంటాను. కేబుల్ బయట వాడే షీల్డెడ్ క్యాట్ 6 కావాలి, ఎండకి పగలని నల్ల తొడుగుది, ఒక చివర నుంచి ఇంకో చివరకి 100 మీటర్లు దాటకూడదు. షాపులో "కాపరేనండీ" అంటారు, నమ్మొద్దు, లోపలి తీగని బ్లేడుతో గీకండి. పైన ఎర్రగా, లోపల తెల్లగా కనపడితే అది రాగి పూత పూసిన అల్యూమినియం, దాని మీద కరెంటు పంపితే వోల్టేజీ దారిలోనే పడిపోతుంది, క్రింప్ చేసిన చోట ఆర్నెల్లకి విరుగుతుంది.

ఇక అసలు పని స్తంభం. నా దగ్గరకొచ్చిన "రేడియో పోయిందండీ" ఫిర్యాదుల్లో సగానికి పైగా రేడియో బాగానే ఉంటుంది, దాన్ని మోసే పైపే కదిలి ఉంటుంది. పిట్టగోడకి రెండు స్క్రూలు కొట్టి పైపు బిగించేస్తారు, గోడ ఇటుకది, ప్లాస్టరింగ్ ఊడి వచ్చేస్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మనది ఆ గాలుల దారిలో ఉన్న ప్రాంతం, అది మనసులో పెట్టుకుని బిగించండి. మందమైన జీఐ పైపు, స్లాబ్‌కో కాలమ్‌కో యాంకర్ బోల్టులు, కనీసం రెండు చోట్ల క్లాంపులు, పైపు 3 మీటర్లు దాటితే మూడు వైపులా స్టే వైర్లు. బిగించాక పైపు పట్టుకుని మీ బరువంతా వేసి ఊపండి, మీకు కదిలితే గాలికి ఎగురుతుంది. కోతులు తిరిగే చోటైతే ఇంకొంచెం గట్టిగా బిగించండి, కేబుల్‌ని పైపు లోపలినుంచే దించండి.

ఎర్తింగ్ లేకుండా నేను పని అప్పగించను, దాని గురించి ఓనరుతో గొడవైనా సరే. పైపుకి ఒక ఎర్త్ వైరు, కేబుల్‌కి రెండు చివర్లా సర్జ్ ప్రొటెక్టర్ (ఎక్కువొచ్చిన వోల్టేజీని ఎర్త్‌కి మళ్లించేది), అన్నీ బిల్డింగు ఎర్త్‌కే కలవాలి, విడిగా ఇంకో గుంట తవ్వితే దాన్ని కూడా పాత ఎర్త్‌తో కలపాలి. లేదంటే పిడుగు పడినప్పుడు రెండు ఎర్తుల మధ్య వోల్టేజీ తేడా మీ పీఎల్‌సీ గుండా పోతుంది. మీటర్ పెట్టి 5 ఓంలలోపు వచ్చిందని చూస్తేనే నాకు నిద్ర పడుతుంది. యాంటెన్నా పిడుగు కడ్డీ కంటే కిందే ఉండాలి. నీళ్ల సంగతి చూస్తే, కేబుల్ రేడియోలోకి వెళ్లేముందు కిందకి ఒక వంపు తిరగాలి, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. విడి యాంటెన్నా కనెక్టర్లకి సాగే రబ్బరు టేపు కిందనుంచి పైకి చుట్టండి, పెంకులు పరిచినట్టు పై చుట్టు కింది చుట్టు మీదకి రావాలి. లోపల ప్యానెల్ బాక్సుని నేలకి ఆనించొద్దు, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలో ఏం చేసిందో చూశాం కదా, ఛాతీ ఎత్తున పెట్టండి, గ్లాండ్లు (కేబుల్ లోపలికి దూరే బిగింపులు) కింది వైపు పెట్టండి.

దిశ కుదర్చడానికి ఇద్దరు కావాలి, ఒక్కొక్కరు ఒక్కో చివర, ఫోన్లో మాట్లాడుకుంటూ. ఒకరు కదుపుతున్నప్పుడు రెండో వాళ్లు చెయ్యి పెట్టకూడదు. ముందు కుడి ఎడమలు, తర్వాత పైకీ కిందకీ. కాస్త సిగ్నల్ రాగానే బోల్టు బిగించేయొద్దు, యాంటెన్నాకి అసలు పుంజానికి అటూ ఇటూ చిన్న పుంజాలు ఉంటాయి, గుట్టెక్కి కొండెక్కామనుకునే ప్రమాదం ఉంది. అందుకే లెక్క ముందే వేసుకోండి. పంపే పవర్ 15 డీబీఎం, రెండు యాంటెన్నాల గెయిన్ (అవి సిగ్నల్‌కి కలిపే బలం) 16 చొప్పున, 600 మీటర్లకి 5.8లో దారి నష్టం 103, అంటే 15కి 16, 16 కలిపి 103 తీసేస్తే మైనస్ 56. మీకు మైనస్ 70 వస్తోందంటే దిశ తప్పింది, లేదా ఏదో అడ్డుంది, సెట్టింగులతో కుస్తీ పట్టొద్దు.

సెట్టింగ్స్ నిజానికి కొంచెమే. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు. 80 పెడితే స్పీడ్ టెస్టు ముచ్చటగా ఉంటుంది కానీ వెడల్పు రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్ రొద ఎక్కువ వింటుంది, టెంపరేచర్ రీడింగులకి అంత రోడ్డు అక్కర్లేదు. ఆటో ఛానెల్ తీసేసి, స్కాన్ చేసి ఖాళీగా ఉన్నది చూసి ఫిక్స్ చేయండి. దూరం అడిగే చోట అసలు దూరానికి కాస్త ఎక్కువ ఇవ్వండి. డబ్ల్యూపీఏ2 ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి, ఫ్యాక్టరీ పాస్‌వర్డు మార్చడం అంతకంటే తప్పనిసరి. పీఎల్‌సీ మోడ్‌బస్ టీసీపీలో (మెషీన్లు నెట్‌వర్క్ మీద మాట్లాడుకునే పద్ధతి) మాట్లాడుతుంటే దానికి పాస్‌వర్డు అన్నదే లేదు, 502 పోర్టు ఎవరు తట్టినా తలుపు తీస్తుంది, కాబట్టి దాన్ని ఆఫీసు వైఫైతో కలపకుండా వేరే వీల్యాన్‌లో (అదే స్విచ్ మీద విడదీసిన నెట్‌వర్కులో) ఉంచండి. స్కాడాలో (ఆఫీసులో రీడింగులు చూపించే సాఫ్ట్‌వేర్) టైమౌట్, అంటే జవాబు కోసం ఆగే సమయం, కేబుల్ మీద పెట్టినట్టు బిగుతుగా కాకుండా ఒక సెకను దాకా ఇవ్వండి, రెండు మూడు సార్లు మళ్లీ అడిగేలా పెట్టండి, లేకపోతే చిన్న తడబాటుకే అలారం మోగి ఆపరేటరు అలారం వైరే పీకేస్తాడు. ఒక్కటి మాత్రం రేడియో మీద పెట్టొద్దు. అమోనియా లీకైతే కంప్రెసర్ ఆపే ట్రిప్ ఎప్పుడూ వైరు మీదే ఉండాలి, రేడియో దాన్ని ఆఫీసుకి చూపిస్తే చాలు.

నా లింకుకి చివరికి చేసింది పెద్దదేమీ కాదు, వేబ్రిడ్జి గది మీది పైపుని స్టే వైర్లతో ఇంకో 3 మీటర్లు లేపాను, మళ్లీ దిశ కుదిర్చాను. కాన్ఫిగరేషన్ బ్యాకప్ పెన్‌డ్రైవులో వేసి, ప్యానెల్ తలుపు లోపల ఒక కాగితం అంటించాను, తేదీ, ఛానెల్, రెండు చివర్ల సిగ్నల్ రాయడానికి. ఎవరు ఏది ముట్టుకున్నా అందులో ఒక వరస రాయాలి. మొదటి వరసలో మార్చి తేదీ వేసి నేను రాసింది: "మైనస్ 57. గేటు ముందు 9 లారీలు ఉన్నాయి."