మొదటి రీలోడింగ్ ప్రెస్: ఏది కొనాలి, ఎలా బిగించాలి

రీలోడింగ్ అంటే కాల్చేసిన తూటా గొట్టాన్ని మళ్లీ నింపి వాడటం, అందుకు వాడే యంత్రం ప్రెస్. ఇది మొదలుపెడదామనుకునే ప్రతి ఒక్కరూ నన్ను ముందుగా అడిగేది, "ఈ ప్రెస్ మీద గంటకు ఎన్ని తూటాలు వస్తాయి?" అని. నేను తిరిగి అడిగేది, "మీరు నెలకు ఎన్ని కాలుస్తారు?" అని. నెలకు వంద కాల్చే మనిషికి గంటకు నాలుగు వందలు కట్టే యంత్రం అక్కర్లేదు. దానివల్ల మంచి కన్నా చెడే ఎక్కువ.

ముందు ఒక మాట. ఇంట్లో తూటాలు కట్టుకోవడం కొన్ని చోట్ల మామూలు విషయం, కొన్ని చోట్ల లైసెన్స్ లేకుండా చేస్తే నేరం. మీరున్న చోట చట్టం ఏమంటుందో కనుక్కున్నాకే ప్రెస్ కొనండి. మాటల్లో తికమక లేకుండా ఇంకోటి: పేలినప్పుడు ముందుకు వెళ్లేది బుల్లెట్, వెనక మిగిలే ఇత్తడి గొట్టం కేస్. ఆ కేస్‌నే మళ్లీ వాడతాం. కేస్ అడుగున ఉండి, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న మూత ప్రైమర్. కాలిన ప్రైమర్ తీసి కేస్‌ను పాత కొలతకు నొక్కడం, కొత్త ప్రైమర్ పెట్టడం, తుపాకీ మందు పోయడం, బుల్లెట్ కూర్చోబెట్టడం: పని మొత్తం ఇంతే. ఇందులో బలం కావాల్సిన చోటల్లా ప్రెస్ పని చేస్తుంది.

ప్రెస్సుల్లో మూడు రకాలున్నాయి. సింగిల్ స్టేజ్‌లో ఒకసారికి ఒక్క డై (ఒక్కో పనికి వాడే అచ్చు) మాత్రమే పడుతుంది. యాభై కేసులకు ఒక పని పూర్తిచేసి, డై మార్చి, మళ్లీ యాభైకీ రెండో పని చేయాలి. గంటకు యాభై తూటాలు వస్తే బాగా వచ్చినట్టే. టరెట్‌లో పైన తిరిగే తలలో డైలన్నీ బిగించి ఉంటాయి, కేస్ కదలదు, తల తిరుగుతుంది. లీ కంపెనీ క్లాసిక్ టరెట్‌లో నాలుగు రంధ్రాలు, రెడింగ్ టీ-7లో ఏడు. వేగం సింగిల్ స్టేజ్‌కి రెట్టింపు దాటుతుంది. ప్రోగ్రెసివ్‌లో మాత్రం కేసులే ఒక పళ్లెం మీద గుండ్రంగా తిరుగుతూ అన్ని డైల కిందికీ వెళ్తాయి. హ్యాండిల్ లాగిన ప్రతిసారీ ఒక తూటా తయారై కింద పడుతుంది. డిల్లన్ 550లో ఆ పళ్లేన్ని చేత్తో తిప్పాలి, 750లో అదే తిరుగుతుంది.

నా సలహా, ఎన్నిసార్లు అడిగినా ఒకటే: మొదటిది సింగిల్ స్టేజ్ కొనండి. వేగం కోసం కాదు, చేతికి పని తెలియడం కోసం. నొక్కే ముందు కేస్‌కు రాసే నూనె సరిపోకపోతే హ్యాండిల్ ఎక్కడ బిగుస్తుంది, ప్రైమర్ అడుగుకు తగిలితే ఎలా ఉంటుంది, పగిలిన కేస్ మెడలో బుల్లెట్ ఎంత వదులుగా దిగుతుంది, ఇవన్నీ మీ అరచేయి నేర్చుకోవాలి. ప్రోగ్రెసివ్‌లో ఒక్క లాగుడులో నాలుగైదు పనులు జరుగుతాయి. ఏ డై దగ్గర తేడా వచ్చిందో కొత్త చేతికి అందదు. పైగా చేత్తో తిప్పే రకంలో తిప్పడం మర్చిపోతే ఒకే కేస్‌లో రెండుసార్లు మందు పడుతుంది. ఉదాహరణకు .38 స్పెషల్ అనే రివాల్వర్ తూటాది మొదట పాతకాలపు నల్ల తుపాకీ మందు కోసం పుట్టిన కేస్, లోపల చోటు చాలా ఎక్కువ. ఇప్పటి పొగలేని మందు రెండింతలు పడినా పైకి పొంగదు, బుల్లెట్ దాని మీద చక్కగా కూర్చుంటుంది. తుపాకీ మాత్రం తట్టుకోదు. అసలు మందే పడకపోతే బుల్లెట్ తుపాకీ గొట్టం మధ్యలో ఇరుక్కుపోతుంది. అది గమనించక ఇంకోటి కాలిస్తే గొట్టం పగులుతుంది.

సింగిల్ స్టేజ్‌లలో ఇంగ్లిష్ అక్షరం 'సి'లా ఒక పక్క తెరిచి ఉన్నవీ, 'ఓ'లా చుట్టూ మూసి ఉన్నవీ ఉంటాయి. రైఫిల్ కేసులు నొక్కాలంటే 'ఓ' ఆకారపు పోత ఇనుముదే తీసుకోండి, బలం పడినప్పుడు తక్కువ సాగుతుంది. ఆర్‌సీబీఎస్ వారి రాక్ చక్కర్ ఈ రకమే. రాక్ చక్ అంటే అమెరికా కొండల్లో తిరిగే, ఉడుత కుటుంబానికి చెందిన జంతువు. వాటి వేటకు వాడే చిన్న బుల్లెట్లు చేసే డైలతో ఆ కంపెనీ మొదలైంది, పేరు అలా వచ్చింది. ఏ కంపెనీదైనా డై మరలు 7/8 అంగుళం, అంగుళానికి 14 చుట్లు ఉన్నాయో లేదో చూసుకోండి. అదే మామూలు కొలత. అది ఉంటే రేపు ప్రెస్ మార్చినా డైలు పనికొస్తాయి. పాత ప్రెస్ దొరికితే వదలకండి. కేస్‌ను డైలోకి నెట్టే కడ్డీని, అంటే ర్యామ్‌ను పైకెత్తి వేళ్లతో అటూ ఇటూ ఊపి చూడండి, పెద్దగా వదులు లేకపోతే అది ఇంకా ఒక తరం పనిచేస్తుంది.

ఇక బిగింపు. ప్రెస్ మీద పెట్టే డబ్బులో కొంత బల్ల మీద పెట్టండి. పలక మందంగా ఉండాలి, ప్రెస్ బల్ల మధ్యలో కాకుండా కాలికి దగ్గరగా రావాలి. చెక్కలో దిగే స్క్రూలు కొన్నాళ్లకు వదులవుతాయి. పలక అవతలికి వెళ్లేలా రంధ్రం వేసి బోల్టులు దించి, కింద వెడల్పాటి వాషర్లు, కుదిరితే ఒక ఇనుప పలక వేసి నట్లు బిగించండి. రంధ్రాలు వేయకముందే ప్రెస్‌ను అంచున పెట్టి హ్యాండిల్ పైనుంచి కింది దాకా లాగి చూడండి. హ్యాండిల్‌ను ర్యామ్‌తో కలిపే లింకులు బల్ల అంచుకు తగులుతున్నాయా, హ్యాండిల్ మోకాలికి కొడుతోందా అప్పుడే తెలుస్తుంది. లాగేటప్పుడు బల్ల లేస్తుంటే గోడకు కట్టేయండి. కొత్త ప్రెస్‌కు తుప్పు పట్టకుండా పూసిన జిడ్డు తుడిచేసి, ర్యామ్‌కు పలచగా నూనె రాయండి.

ఇప్పుడు సైజింగ్ డై, అంటే కేస్‌ను పాత కొలతకు నొక్కేది. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. డై పెట్టెలో కాగితం చెప్పినట్టే ర్యామ్ పూర్తిగా పైకి లేపి, కేస్‌ను అడుగున పట్టుకునే షెల్ హోల్డర్‌కు తగిలేదాకా డై తిప్పి, ర్యామ్ దించి ఇంకో ఎనిమిదో వంతు చుట్టు తిప్పి బిగించాను. .308 రైఫిల్ కేసులు ముప్పై నొక్కాను. తీరా కేస్ కొలత సరిపోయిందో లేదో చూపే గేజ్‌లో వేస్తే ఒక్కటీ పూర్తిగా దిగలేదు. మళ్లీ మళ్లీ నొక్కాను, అదే తీరు. చాలా టెన్షన్ పడ్డాను, డై లోపమేమో అనుకున్నాను.

నాకు ఈ పని నేర్పిన పెద్దాయన వచ్చి ఏమీ మాట్లాడకుండా ఒక చిన్న టార్చ్‌ను ప్రెస్ వెనక పెట్టారు. "ఖాళీగా లాగు" అన్నారు. డై, షెల్ హోల్డర్ అతుక్కుని ఉన్నాయి, వెలుతురు లేదు. "ఇప్పుడు కేస్ పెట్టి లాగు." హ్యాండిల్ పూర్తిగా కిందికి వచ్చింది, అయినా ఆ రెంటి మధ్య వెంట్రుకవాసి మందాన తెల్లటి గీత కనబడింది. కేస్ ఎదురు తోస్తుంటే ఇనుము కూడా కాస్త సాగుతుంది, లింకుల్లో ఉన్న సందు బయటపడుతుంది. ఆ గీత మందమే నా కేసులు పొడవుగా మిగిలిపోవడానికి కారణం. డైని కొద్దికొద్దిగా తిప్పుతూ, ప్రతిసారీ మళ్లీ నూనె రాసిన కేస్‌తో లాగి, గేజ్‌లో చూసుకుంటూ పోయాం. ఆ రోజు నుంచి ఖాళీ ప్రెస్ మీద డై కుదిర్చి వదిలేయడం మానేశాను.

ఆ గీత పోయేదాకా తిప్పడం కూడా గురి కాదు. మీ రైఫిల్‌లోనే కాల్చిన కేస్ భుజం (మెడ కింది వాలు) ఎక్కడుందో కంపారేటర్ అనే కొలత పరికరంతో కొలిచి, ప్రతిసారీ చేత్తో బోల్ట్ లాగే రైఫిల్‌కైతే దానికన్నా 0.002 అంగుళం వెనక్కి వెళ్లేలా పెడితే చాలు. సెమీ ఆటోమేటిక్‌కు 0.003 నుంచి 0.005 దాకా. అంతకు మించి నొక్కితే కాల్చిన ప్రతిసారీ కేస్ సాగి, అడుగుకు కాస్త పైన పలచబడి తెగుతుంది. కొలత కుదిరాక కేస్ డై లోపల ఉండగానే, హ్యాండిల్ మీద బరువు ఉంచి డైని కదలకుండా పట్టే లాక్ రింగ్ బిగించండి. డై నిటారుగా నిలుస్తుంది. పిస్తోలు కేసులకు వాడే, లోపల కార్బైడ్ రింగు ఉన్న డైలకు మాత్రం షెల్ హోల్డర్‌ను గట్టిగా గుద్దనివ్వకండి, ఆ రింగు గట్టిదే గానీ పెళుసు.

బుల్లెట్‌ను కేస్‌లో కూర్చోబెట్టే సీటింగ్ డై తేలిక. ప్రైమర్, మందు లేని కేస్‌ను పైకి లేపి, డై దాని మూతికి తగిలేదాకా దించి, ఒక పూర్తి చుట్టు వెనక్కి తిప్పి లాక్ చేయండి. తర్వాత పైనున్న స్టెమ్ అనే మరతో బుల్లెట్ లోతు సరిచేసుకోండి. ప్రైమర్ లేని ఆ నమూనాను గుర్తుపెట్టి దాచుకుంటే డై కదిలిందని అనుమానం వచ్చినప్పుడు పనికొస్తుంది.

మందు కొలతలు నేను చెప్పను, మీరూ స్నేహితుణ్ని అడగకండి. అచ్చయిన మాన్యువల్ తెరిచి, అందులోని అతి తక్కువ కొలతతో మొదలుపెట్టండి. బల్ల మీద ఒక్క డబ్బా మందే ఉండాలి, ప్రైమర్లు వాటి పెట్టెలోనే ఉండాలి, కళ్లద్దాలు తీయకూడదు. కాలిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది, అందుకే ఆ బల్ల దగ్గర తినడం, తాగడం వద్దు. మందు పోసిన కేసులన్నిటినీ బుల్లెట్ పెట్టకముందే ట్రేలో వరుసగా ఉంచి, లైటు పట్టుకుని లోపలికి చూడండి. అన్నిటిలో ఎత్తు ఒకేలా కనబడాలి. ఒక్కటి తేడాగా ఉన్నా దాన్ని తీసి మళ్లీ తూకం వేయండి.

చివరగా, ప్రతి డై లాక్ రింగ్ మీదా, దాని పక్కన ప్రెస్ మీదా కలిసేలా పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. కూర్చున్న ప్రతిసారీ మొదటి కేస్ పెట్టకముందు ఆ రెండు గీతలు కలిసే ఉన్నాయా అని నేను చూసుకుంటాను. కలవకపోతే ఆ రోజు తూటాలు మొదలుపెట్టను. టార్చ్, గేజ్ తీసి డై సరిచేయడంతో మొదలుపెడతాను.