లోలకం ప్రయోగంలో పిల్లలకు లెక్క కుదరకపోతే

దారానికి నట్టు కట్టి ఊపడం, పది ఊపులకు ఎన్ని సెకన్లు పడుతుందో ఫోన్‌లో చూడటం, ప్రయోగమంతా ఇంతే. పొడవు 25 సెంటీమీటర్లయితే దాదాపు 10 సెకన్లు, మీటరయితే దాదాపు 20 రావాలి. బరువు పెంచినా సమయం మారకూడదు, కానీ ఈ మాట పిల్లలకు ముందే చెప్పేయకండి. బేగంపేటలో మా ఫ్లాట్ బాల్కనీలో ఆదివారాలు ఏడెనిమిది మందితో చేయిస్తుంటాను, ప్రతిసారీ ఇవే చిక్కులు.

సమస్య: ఊపుకి సెకను పట్టే దారంతో పదికి తొమ్మిదే వస్తోంది.
కారణం: వదలగానే "ఒకటి" అనేస్తున్నారు, అప్పటికి ఒక్క ఊపూ పూర్తవలేదు.
పరిష్కారం: వదిలేటప్పుడు "సున్నా" అనిపించండి. వెళ్లి, వెనక్కి వస్తేనే ఒకటి.

సమస్య: నట్లు పెంచితే సమయం కూడా పెరుగుతోంది.
కారణం: మొదట్లో నేనూ ఇక్కడే తికమకపడ్డాను. పిల్లలు రెండో నట్టును మొదటిదాని కింద, మూడోదాన్ని దాని కింద గొలుసులా కడతారు. లోలకం పొడవంటే ముడి దాకా కాదు, బరువు మధ్యభాగం దాకా, కాబట్టి బరువుతో పాటు పొడవూ పెరిగిపోయింది.
పరిష్కారం: పేపర్ క్లిప్పును కొక్కెంలా వంచి నట్లన్నీ ఒకేచోట తగిలించాలి. అయితే మీరు సరిచేయకండి, "ఈసారి ఏమేం మారాయి?" అని అడిగి స్కేలు చేతికివ్వండి. పోయిన వారం నాలుగో క్లాసు పాప చాలాసేపు కొలిచి, "ఆంటీ, ఇది కిందికి దిగిపోయింది, రెండు మార్చేశాం" అంది. ఒకసారికి ఒకటే మార్చాలని నేను పదిసార్లు చెప్పినా అంత బాగా ఎక్కేది కాదు.

సమస్య: కొలిచిన ప్రతిసారీ వేరే సమయం.
కారణం: ఫ్యాన్ గాలి, మరీ ఎక్కువగా లాగి వదలడం, నట్టు గుండ్రంగా తిరగడం.
పరిష్కారం: ఫ్యాన్ ఆపి, కొంచెమే లాగి, తొయ్యకుండా వదలమనండి. మూడుసార్లు కొలిచి సగటు తీయాలి.

సమస్య: నోట్‌బుక్‌లో అందరి అంచనాలూ కరెక్టే!
కారణం: కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూడండి, రబ్బరుతో రుద్దిన చోట పల్చబడి ఉంటుంది. తప్పు రాస్తే మార్కులు పోతాయని అలవాటైన భయం, పాపం.
పరిష్కారం: అంచనా పెన్నుతోనే రాయించండి, మార్కులు వేయకండి. మా బేగంపేటలోనే రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడని, అంతకుముందు రెండేళ్లూ వేరే జాతుల దోమల్ని కోసి చూసినా దొరకలేదని చెప్తాను. ఆ పాప నోట్‌బుక్‌లో ఇప్పుడు "బరువుగా ఉంటే తొందరగా ఊగుతుంది" అని నీలం ఇంకుతో అలాగే ఉంది, దాని కింద 10.1, 9.9, 10.0.