తొలకరి దుక్కిలో నగిషీ ఉన్న లోహపు ముక్క తేలితే

మృగశిర కార్తెలో రెండు వానలు పడి కల్టివేటర్లు కదిలాయంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో పాత లోహపు ముక్కలు పైకి తేలతాయి. బూడిద మట్టి, పెంకులు కనిపించే పాటిగడ్డల (పాత ఊళ్ల దిబ్బల) మీద, రాకాసి గుళ్ల (పెద్ద రాళ్లు పేర్చిన పాతకాలపు సమాధుల) చుట్టుపక్కల ఇంకాస్త ఎక్కువ.

కనపడగానే ఎత్తకండి. పక్కన పది రూపాయల బిళ్ల (అడ్డం 27 మి.మీ.) పెట్టి ఉన్నచోటే ఫోటో తీయండి. ఫోన్ మ్యాపులో అక్షాంశ రేఖాంశాలు, పాయింటు తర్వాత అయిదు అంకెల దాకా రాసుకోండి. సర్వే నంబరు, ఎంత లోతు, తేదీ కూడా. ఆ పొలానికి చెరువు పూడిక మట్టి తోలారా అన్నది తప్పక అడగండి. ఎర్ర చెలకలో నల్లమట్టి అంటిన ముక్క దొరికితే అది చెరువులోంచి వచ్చి ఉండొచ్చు. అడక్కుండా రాస్తే లేని ఊరొకటి ఆ పొలంలో పుట్టుకొస్తుంది.

ఇంటికి తెచ్చాక జరిగే పెద్ద నష్టం చింతపండుతోనే. దేవుడి సామాన్లు తోమినట్టు పులుపు, ఇటుక పొడి పట్టించి రుద్దితే చిలుముతో పాటు సన్న గీతలూ పోతాయి. ఇనుప తుప్పులో ఒక్కోసారి గుడ్డ నేత, పిడి కర్ర నార అచ్చుపడి ఉంటాయి. కడగొద్దు, ఎండలో పెట్టొద్దు. నీడన ఆరనిచ్చి, మెత్తటి బ్రష్‌తో వదులు మట్టి మాత్రం దులపండి.

నగిషీ ఎలా చేశారో తెలియాలంటే చీకటి గదిలో టార్చిని పక్కనుంచి, దాదాపు పడుకోబెట్టి వెలిగించండి. ముందు ఉబ్బుగా ఉన్నచోటే వెనక గుంట ఉంటే అది రేకు మీద వెనకనుంచి కొట్టిన పని. వెనక చదునుగా, మందంగా ఉంటే పోత పోసింది కావచ్చు. గీత అడుగు సన్నగా, అంచులు కాస్త లేచి ఉంటే ఉలి గీసింది. విరిగిన అంచునూ చూడండి: అక్కడా చిలుము పట్టి ఉంటే పాత విరుపు. పసుపుగా, ఎర్రగా మెరిస్తే నిన్నటి నాగలి దెబ్బ. మిగతా సగం అదే సాలులో ఉండొచ్చు, వెతకండి. బుడగలు బుడగలుగా ఉన్న నల్లటి ముద్ద చిట్టెం. అది నగ కాదు గానీ దగ్గర్లో ఇనుము కరిగించారనడానికి గుర్తు, అదీ రాయండి.

రెండు వైపులా, అంచుకూ ఫోటోలు. పొడవు, వెడల్పు, మందం మిల్లీమీటర్లలో. బరువు కంసాలి కాటా మీద. అంచు వంకర తిరిగి ఉంటే కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీయండి, గిన్నెదా, పాతకాలపు లోహపు అద్దందా తేలుతుంది.

వానాకాలంలో కంచుకు ఒక జబ్బు పట్టుకుంటుంది. గట్టి ముదురు చిలుము ముక్కను కాపాడుతుంది. లేత ఆకుపచ్చ పొడి చుక్కలు చుక్కలుగా రాలుతుంటే మాత్రం లోపలి క్లోరైడు, గాలిలోని తేమ కలిసి లోహాన్ని తింటున్నట్టే. మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, ముక్కను విడిగా పెట్టండి. దూది వద్దు, పోగులు చిక్కుకుంటాయి. సీసపు ముక్కనైతే చెక్కపెట్టెలో అసలే పెట్టొద్దు, కర్ర ఆవిరికి తెల్లపొడి అయిపోతుంది. సూర్యాపేట జిల్లా ఫణిగిరి తవ్వకాల్లో 2024లో ఒక్క కుండలోనే 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి, కాబట్టి ఈ నేలలో సీసం దొరకడం వింతేం కాదు. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించి విలువున్నది భూమిలో దొరికితే కలెక్టర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. దరఖాస్తుకు ఫోటోలు జతచేసి, రసీదు అడిగి తీసుకోండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం చోటు పెట్టకండి, గుప్తనిధుల వాళ్లు రాత్రికి రాత్రే గడ్డంతా తవ్వేస్తారు. చీటీ ఒకటి డబ్బా లోపల, ఒకటి బయట, పెన్సిల్‌తోనే రాయండి; తేమకు పెన్ను సిరా అలుక్కుపోతుంది.